ఆపితేనే కనిపించే 46

మనిషి కణంలో క్రోమోజోములు ఎన్ని? 1956 దాకా చెప్పుకున్న జవాబు 48. థియోఫిలస్ పెయింటర్ 1923లో ప్రకటించిన లెక్క అది. తర్వాత మైక్రోస్కోపులో చూసినవాళ్లకూ అన్నే కనిపించాయి. వాళ్లను తప్పుపట్టలేం. విభజనకు సిద్ధమైన కణంలో క్రోమోజోములు తడిసిన నూలుపోగుల్లా ఒకదానిమీద ఒకటి పడి ఉంటాయి. స్వీడన్‌లోని లుండ్‌లో జో హిన్ చియో, ఆల్బర్ట్ లెవాన్ వాటిని విడదీసి చూస్తే 46 అని తేలింది.

క్రోమోజోములను లెక్కపెట్టి, వరుసగా పేర్చి చూసే కారియోటైపింగ్ పరీక్ష ఆ విడదీసే పనితనం మీదే నిలబడింది. దీనికి రక్తంలోని ఎర్రకణాలు పనికిరావు, వాటిలో కేంద్రకమే లేదు. తెల్లకణాల్లో లింఫోసైట్లు కావాలి. అవేమో ఊరికే విభజన మొదలుపెట్టవు. రాజ్మా గింజల్లో దొరికే ఫైటోహీమగ్లుటినిన్ అనే ప్రొటీన్ కలిపి, 37 డిగ్రీల వెచ్చదనంలో సుమారు 72 గంటలు పెంచుతారు.

అసలు కిటుకు ఆ తర్వాతే. కణం రెండయ్యే ముందు ట్యూబ్యులిన్ ప్రొటీన్ పోగులుగా పేరుకుని కండె కడుతుంది. క్రోమోజోములను చెరోవైపు లాగేవి ఆ పోగులే. కాల్చిసిన్ పడితే ట్యూబ్యులిన్ పోగు కట్టలేదు, విభజన నడిమధ్యలో ఆగిపోతుంది. మన పొదల్లో ఎరుపు, పసుపు రేకులతో పూసే అడవినాభి దుంపలో ఉండే విషం ఇదే. (ల్యాబుల్లో ఎక్కువగా దీనికి దగ్గరి రసాయనమైన కొల్సెమిడ్ వాడతారు.) తర్వాత పలుచటి పొటాషియం క్లోరైడ్ ద్రావణం పోస్తే కణాలు ఉబ్బి, క్రోమోజోములు ఎడంగా జరుగుతాయి. ఈ ఉపాయం టి.సి. హ్సూ అనే శాస్త్రవేత్తకు అనుకోకుండా దొరికింది. ఆయన వాడిన ద్రావణం ఉండాల్సినదానికంటే పలుచబడింది, అంతే! చివరికి కణాలను మిథనాల్, ఎసిటిక్ ఆమ్లాల మిశ్రమంలో ఉంచి, గాజుపలక మీద చుక్కలుగా జారవిడుస్తారు. ఎంత ఎత్తునుంచి, గదిలో ఎంత తేమ ఉండగా అన్నది చేయి తిరిగినవాళ్లకే తెలుస్తుంది. ట్రిప్సిన్ తగిలించి జీమ్సా రంగు వేస్తే ఒక్కో క్రోమోజోముకూ దాని చారలు తేలతాయి.

డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో 21వ క్రోమోజోము మూడు ప్రతులుగా ఉంటుందని 1959లో పారిస్‌లో బయటపడింది. కణాలను పెంచింది మార్త్ గోతియే. పేరు మాత్రం చాలాకాలం ఆమె సహచరుడు జెరోమ్ లెజ్యూన్‌కే దక్కింది. ఒక రకం రక్తక్యాన్సర్‌లో 9, 22 క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయని జానెట్ రౌలీ 1973లో చూపింది. ఆ అతుకు దగ్గర పుట్టే బీసీఆర్-ఏబీఎల్ ప్రొటీన్ కణాన్ని ఆగకుండా విభజించమని తొందరపెడుతుంది. దాన్ని అడ్డుకునే ఇమాటినిబ్ మాత్ర 2001లో అమెరికాలో అనుమతి పొందింది.

జన్యువులో ఒక్క అక్షరం మారితే కారియోటైప్‌కు తెలియదు. అందుకు డీఎన్ఏ పరీక్షలే కావాలి. కానీ ఏ ముక్క ఎక్కడికి చేరి అతుక్కుందో మొత్తం వరుసలో ఈ పాత పద్ధతి కళ్లకు కడుతుంది. డౌన్ సిండ్రోమ్ ఉన్న బిడ్డ రిపోర్టులో ‘ట్రాన్స్‌లొకేషన్’ (ముక్క మరో క్రోమోజోముకు అతుక్కోవడం) అని ఉంటే, మరో బిడ్డను కనాలనుకునే ముందు తల్లిదండ్రులిద్దరూ ఈ పరీక్ష చేయించుకోవాలి.