ఇటుక రంగు, బట్టీ సంగతి

ఈ వారం నాకు చిరాకు తెప్పించింది వాట్సాప్‌లో వచ్చిన ఓ ఫొటో. మా వీధి బేకరీ కుర్రాడు కొత్త పొయ్యికి తెప్పించిన ఫైర్ బ్రిక్స్ అవి. కొన్ని గోధుమరంగు, కొన్ని వెన్నరంగు, రెండు మూడింటికి బూడిద చారలు. కింద ‘కల్తీ సరుకు సార్, మీరు రాయాలి’ అని. ఫొటో చూసి సరుకు తేల్చేసేవాళ్లంటే నాకెంత ఒళ్లుమంటో ఈ కాలమ్ చదివేవారికి కొత్తగా చెప్పక్కర్లేదు.

ఈ ఇటుకలు చేసే మట్టి ఫైర్ క్లేలో ఇనుము నూటికి ఒకటి రెండు పాళ్లే ఉన్నా, రంగు మీద పెత్తనమంతా దానిదే. బట్టీలో గాలి బాగా ఆడితే పసుపు, గోధుమ, లేత ఎరుపు. గాలి బిగిసి పొగ నిండితే ఆక్సిజన్ కరవై అదే ఇనుము బూడిదరంగుకో నలుపుకో తిరుగుతుంది. మట్టిలో సున్నం ఎక్కువైతే ఎరుపు చచ్చి పసుపు మిగులుతుంది.

మా మావయ్య రాజమండ్రి దగ్గర ఓ గుండ్రటి డౌన్‌డ్రాఫ్ట్ బట్టీలో, అంటే వేడి పైనుంచి కిందకి దిగే బట్టీలో, మేస్త్రీ. బట్టీ విప్పే రోజు నన్నూ తీసుకెళ్లేవాడు. వాకిలికి అడ్డుకట్టిన గోడ పగలగొట్టగానే వేడి మొహాన కొట్టేది. లోపల నేలనుంచి గుమ్మటం దాకా పేర్చిన ఇటుకలు. ఒకటి తీసి చూపించాడు. మంట తగిలిన మేర ముదురు రంగు, మధ్యలో గీత గీసినట్టు లేత పట్టీ. “మచ్చ కాదురా, పక్కది ఆనుకున్న చోటు” అన్నాడు. తర్వాత రెండిటిని ఒకదానికొకటి కొట్టాడు. ఖంగున మోగాయి, బాగా కాలాయన్నమాట.

ఇంతవరకూ రాసి, రంగును పట్టించుకోకండని ముగించేద్దామనుకున్నా. కానీ ఆ మావయ్యే అడుగు వరసల్లోని లేత ఇటుకల్ని వేరే గుట్ట పోయించేవాడు. పైన 1300 డిగ్రీలు తగిలినా కిందకి అంత వేడి దిగదు. అలా సరిగా కాలనివి పెద్ద కొలిమిలో పెడితే మళ్లీ కుంచించుకుని సందులిస్తాయి. రొట్టెల పొయ్యి వేడికి ఆ బెడద లేదు. రంగు పట్టిచ్చే లోపం ఇంకోటుంది: తొందరపడి కాలిస్తే మట్టిలోని కర్బనం మండకుండానే పైపొర మూసుకుపోతుంది. పగలగొడితే నల్లటి గుండె కనిపిస్తుంది.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేవి ఇటుకలో కనిపించే ముదురు ఇనుప చుక్కలు. విశాఖ ఉక్కులో గోదావరి, కృష్ణ అని పేర్లు పెట్టుకున్నవి బ్లాస్ట్ ఫర్నేసులు, ఇనుము తీసే కొలిములు. అలాంటి వాటిలో కార్బన్ మోనాక్సైడ్ ఇటుక రంధ్రాల్లోకి దూరుతుంది. సుమారు 500 డిగ్రీల దగ్గర ఆ చుక్క చుట్టూ మసి పేరుకుని, ఉబ్బి, ఇటుకను లోపలినుంచే పగలగొడుతుంది. అక్కడికి కొనేవాడు రంగు చూసి పేచీ పెట్టాల్సిందే. చుక్కలున్న ఇటుకను పక్కన పడెయ్యడానికి ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఆగక్కర్లేదు.