బండ కదిలాక

సంక్రాంతికి, తిరునాళ్లకి బండలాగుడు పోటీలు చూస్తూ పెరిగినవాణ్ని. మాది ప్రకాశం జిల్లా. ఎడ్లజత కాడికి మెడ వంచి బలమంతా పెట్టినా బండ వెంటనే కదలదు. కదిలిందంటే ఇక తోలేవాళ్లు గొంతు పోయేలా అదిలిస్తూనే ఉంటారు. మధ్యలో ఆగితే మళ్లీ కదిలించడానికి పట్టే సత్తువ ఎంతో వాళ్లకి తెలుసు. 2025 మేలో ముంబయిలో ఒక పెద్ద హాల్లో, కార్పెట్ మీద ఉన్న ఇనప స్లెడ్‌కి చేతులానించి నిలబడ్డప్పుడు నాకు ఆ ఎడ్లే గుర్తొచ్చాయి. బరువు 152 కిలోలు. దాన్ని 50 మీటర్లు నెట్టాలి.

ఆ రేసు పేరు హైరాక్స్. 2017లో జర్మనీలోని హాంబర్గ్‌లో పుట్టింది. మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరైన మొరిట్జ్ ఫ్యూర్‌స్టే, బీజింగ్, లండన్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన జర్మనీ హాకీ జట్లలో ఆడినవాడు. ఏ దేశంలో పెట్టినా పద్ధతి ఒకటే. కిలోమీటరు పరుగు, ఆ వెంటనే ఒక బరువు పని. అలా 8 సార్లు. స్కీ యంత్రం మీద 1000 మీటర్లు లాగాలి. స్లెడ్ నెట్టాలి, తర్వాత ఇంకో స్లెడ్‌ని తాడుతో లాక్కోవాలి. ఛాతీ నేలకానించి లేచి ముందుకు దూకుతూ 80 మీటర్లు పోవాలి. ఆపైన 1000 మీటర్ల రోయింగు. చేతికో 24 కిలోల బరువుతో 200 మీటర్ల నడక. 20 కిలోల ఇసుక సంచి భుజాన వేసుకుని, అడుగడుక్కీ మోకాలు నేలకి తాకిస్తూ 100 మీటర్లు. చివరగా 6 కిలోల బంతితో బస్కీ తీసి, లేస్తూ 3 మీటర్ల ఎత్తునున్న గురికి కొట్టాలి, 100 సార్లు. ఇవి మగవాళ్ల ఓపెన్ విభాగం బరువులు.

జిమ్‌లో ఏళ్ల తరబడి బరువులెత్తిన ధైర్యంతో వెళ్లాను. మొదటి కిలోమీటరు 4 నిమిషాల 50 సెకన్లలో కొట్టేశాను. ఆఖరి కిలోమీటరుకి 8 నిమిషాల 20 సెకన్లు పట్టింది. మొత్తం గంటా 51 నిమిషాలు. ఇంటికొచ్చాక ఫలితాల కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. బరువు పనులకి 46 నిమిషాలు. పరుగుకి 54. పరుగుకీ పనికీ మధ్య అటూ ఇటూ నడవడానికి, ఊపిరి పీల్చుకోవడానికి, నీళ్లు తాగడానికి 11. బరువుల పోటీ అనుకుని నేను దిగింది నిజానికి పరుగు పోటీ. అదీ అలిసిన కాళ్లతో పరిగెత్తే పోటీ.

అప్పటినుంచి నా సాధన మారింది. బరువులు వారానికి రెండు రోజులే. నాలుగు రోజులు పరుగు, అందులో మూడు రోజులు నెమ్మది పరుగే. పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగం అన్నమాట. ఇది ఒప్పుకోవడం కష్టం. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద నాకంటే పెద్దవాళ్లు దాటిపోతుంటే కాళ్లు వాటంతటవే వేగం అందుకునేవి. పట్టి ఆపుకోవాలి. నెలల తరబడి ఇలా పరిగెడితే కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి, ఇంధనాన్ని శక్తిగా మార్చే మైటోకాండ్రియా పెరుగుతాయి. స్లెడ్ నెట్టినప్పుడు తొడల్లో పోగయ్యే లాక్టేట్‌ని ఒళ్లు ఇంధనంగా వాడుకోవడం నేర్చుకుంటుంది. బరువు దించాక గుండె తొందరగా కుదుటపడుతుంది. నాకు కావలసింది అదే. ఎత్తే బలం అప్పటికే ఉంది, ఎత్తాక తేరుకునే బలమే లేదు.

నాలుగో రోజు పరుగు వేరు. 400 మీటర్లు పరిగెత్తి, 20 బస్కీలు గానీ, ఇసుక సంచితో 20 అడుగులు గానీ వేసి, నిలబడకుండా మళ్లీ పరుగులో పడటం. ఆ మొదటి 100 మీటర్లు కాళ్లు మనవి కావు. మోకాళ్లు లేవవు, అడుగు ఎక్కడ పడుతుందో తెలియదు. చాలామంది అక్కడే నడకలోకి దిగిపోతారు. మొదటి రేసులో నేనూ దిగాను. ఇప్పుడు ఆ 100 మీటర్లలో వేగం గురించి ఆలోచించను. అడుగు చిన్నది చేస్తాను, ఊపిరి బయటికి పొడుగ్గా వదులుతాను, నడవను. 200 మీటర్లు దాటేసరికి కాళ్లు దారికొస్తాయి. ఈ ఒక్క అలవాటే నాకు అన్నిటికంటే ఎక్కువ ఇచ్చిందని నా నమ్మకం.

బరువు మోస్తూ నడిచే పని నాకు మా ఊళ్లో నీళ్లు మోసేవాళ్ల వల్ల సులువైంది. కావడి భుజాన ఉన్నవాడు పెద్ద అంగలు వేయడు. చిన్న అడుగులు, గబగబా. బిందెలో నీళ్లు తొణకవు, నడుం మీద బరువు ఊగదు. చేతికో 24 కిలోలు పట్టుకున్నా అంతే.

స్లెడ్ దగ్గర మాత్రం ఎడ్ల పాఠమే. ఆ 50 మీటర్లు ఒకే వరస కాదు, పన్నెండున్నర మీటర్ల చొప్పున నాలుగు వరసలు. ప్రతి వరస చివర ఎలాగూ ఆగి అవతలివైపుకి రావాలి. మొదటిసారి నేను ప్రతి వరస మధ్యలో రెండేసి సార్లు ఆగాను. అంటే నిలబడిపోయిన బండని అన్నిసార్లూ మళ్లీ కదిలించాను. ఇప్పుడు ఆగేది చివర్లోనే. మూడు ఊపిర్లు లెక్కపెట్టి, నడుం దించి, చూపు నేలమీదే ఉంచి, పొట్టి అడుగులతో నెడతాను. స్లెడ్ ఎంత నెమ్మదిగా పోయినా సరే, కార్పెట్ మీద ఆ గరగర చప్పుడు తెగకూడదు.

బంతి దగ్గర కూడా అలిసి ఆగకుండా, లెక్కేసుకుని ఆగడం నేర్చుకున్నాను. 25, 20, ఆ తర్వాత మూడుసార్లు పదిహేనేసి, చివర 10. చేతులు చచ్చుబడేదాకా కొడితే బంతి గురికి అందదు, బస్కీ పూర్తిగా దిగదు. పక్కన నిలబడ్డ జడ్జి దాన్ని లెక్కలో వేయరు. పడ్డ కష్టం పడ్డట్టే ఉంటుంది, అంకె కదలదు. ముంబయిలో అలా పోయినవి 14.

రెండో రేసు గంటా 38 నిమిషాల్లో ముగిసింది. పరుగుల్లో 6 నిమిషాలు తగ్గాయి, బరువు పనుల్లో 4, మధ్య నడకల్లో 3. మొదటి కిలోమీటరు 5 నిమిషాల 50 సెకన్లు. నాతోపాటు బయల్దేరినవాళ్లు సగంమంది ముందు వెళ్లిపోతుంటే చూస్తూ పరిగెత్తాను. ఆఖరి కిలోమీటరు 6 నిమిషాల 25 సెకన్లు.

గీత దాటాక కాలికి కట్టిన టైమింగ్ చిప్ విప్పి నిర్వాహకులకి తిరిగివ్వాలి. ముంబయిలో దాన్ని విప్పడానికి నేలమీద కూర్చుండిపోయాను, ఎవరో చెయ్యిచ్చి లేపారు. ఈసారి నిలబడే వంగి విప్పుకున్నాను.