చుక్కాని ఎటు నెట్టాలి?

'చుక్కాని లేని నావ' అని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. పార్టీలు, ప్రభుత్వాలు, చివరికి మా అపార్ట్‌మెంట్ సంఘం కూడా ఆ నావ ఎక్కేశాయి. అసలు చుక్కాని మాత్రం యాభై దాటాక, హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నేర్చుకుందామని వెళ్లిన రోజున గానీ నా చేతికి రాలేదు. కుడికి పోదామని పిడిని కుడికి నెట్టాను. పడవ ఎడమకు తిరిగింది.

"అంకుల్, ఉల్టా! ఉల్టా!" పక్కనే బుల్లి పడవలో పోతున్న పన్నెండేళ్ల పిల్ల అరిచింది.

పిడి ఒకవైపు పోతే నీళ్లలో పలక రెండోవైపు పోతుంది, అంతే సంగతి. ఇంత చిన్న సంగతి ఓడల భాషను ఎంతకాలం తికమక పెట్టిందో! 1912లో టైటానిక్‌కు మంచుకొండ ఎదురైనప్పుడు అధికారి ఇచ్చిన ఆజ్ఞ 'హార్డ్ ఎ-స్టార్‌బోర్డ్'. స్టార్‌బోర్డ్ అంటే కుడి. ఓడ తిరిగింది ఎడమకు. ఎవరూ పొరబడలేదు. ఆజ్ఞ పిడికి, ఓడకు కాదు. అప్పటికి ఓడల్లో పిడి పోయి చక్రం వచ్చినా మాట మాత్రం పిడిని వదల్లేదు. ఓడ ఎటు తిరగాలో అటే చెప్పే పద్ధతి బ్రిటిష్ ఓడల్లోకి 1930ల్లో గానీ రాలేదు. ఎడమను మొదట 'లార్‌బోర్డ్' అనేవారు. హోరుగాలిలో అదీ స్టార్‌బోర్డూ ఒకేలా వినిపిస్తుంటే 1844లో బ్రిటిష్ నౌకాదళం దాన్ని తీసేసి 'పోర్ట్' అనమంది.

చుక్కల్ని చూసి తిప్పేది కాబట్టి చుక్కాని అన్నారేమో అనుకునేవాణ్ణి. అందమైన ఊహ, కానీ తప్పు. అది అరబ్బీ 'సుక్కాన్'. లంగరు పారసీ నుంచి వచ్చింది. పాపికొండల లాంచీ నడిపే సరంగు మాటా అక్కడిదే, బందరూ అక్కడిదే. సరుకుతో పాటు మాటల్నీ దించుకున్న తీరం మనది. తెడ్డు, గెడ మనవే. తెరచాప అనే మాటలో ఏకంగా చాపే ఉంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది బార. ఓసారి భీమిలిలో ఒక పెద్దాయన, "అక్కడ ఆరు బారల నీరుంది బాబూ" అంటూ రెండు చేతులూ చాపి చూపించాడు. తాడును అలా చేతుల మధ్య సాగదీస్తూ లెక్కపెట్టడమే కొలత. ఇంగ్లిషు నావికుల 'ఫాథమ్' ఆరడుగులు. ఆ మాటకూ పాత ఇంగ్లిషులో చాచిన చేతులనే అర్థం. మిసిసిపీ నది మీద స్టీమర్లు నడిపిన శామ్యూల్ క్లెమెన్స్ పెట్టుకున్న మార్క్ ట్వైన్ అనే కలంపేరు ఈ కొలతే. మన లెక్కలో ఆయన 'రెండు బారలు'గారు!

మనం తిట్టుగా వాడే 'గాలివాటు'ను కూడా ఇప్పుడు అంత తేలిగ్గా వాడలేను. గాలి వెనక నుంచి తోస్తుంటే హాయిగా కూర్చోవచ్చనుకున్నాను. గాలి కాస్త పక్కకు మళ్లిందో లేదో, తెరచాప అడుగుకొయ్య ఈ కొస నుంచి ఆ కొసకు విసురుగా వచ్చి నెత్తిన కొట్టింది. ఎదురుగాలిలోనే నయం, ఏటవాలుగా అటూ ఇటూ మలుపులు తిరుగుతూ పోవచ్చు. సూటిగా గాలికే ముఖం పెడితే మాత్రం పడవ ఆగిపోతుంది. దాన్ని 'ఇన్ ఐరన్స్' అంటారు, సంకెళ్లు పడ్డట్టన్నమాట.

మూడోరోజు నాకా సంకెళ్లు పడ్డాయి. తెరచాప జెండాలా కొట్టుకుంటోంది, పడవ మెల్లగా వెనక్కి పోతోంది. నేర్చుకున్న పాఠం ప్రకారం కుడికి తిరగాలని పిడిని ఎడమకు నెట్టాను. ముక్కు ఎడమకే పోయింది. మళ్లీ ఆ పిల్లే వచ్చింది.

"వెనక్కి పోతున్నారుగా అంకుల్. ఇప్పుడు ఉల్టాకి ఉల్టా!"