మాంత్రికుడి తల్లి

మెర్లిన్ అనగానే తెల్లగడ్డం, మంత్రదండం గుర్తొస్తాయి. మేరీ స్టీవర్ట్ 1970లో ప్రచురించిన 'ది క్రిస్టల్ కేవ్' నవలలో కనిపించేది ఆ ముసలాయన కాదు. అయిదో శతాబ్దపు బ్రిటన్‌లో, తండ్రెవరో తెలియని పిల్లవాడు. తన కథ తనే చెప్తాడు. రాజు మనవడే అయినా అందరికీ లోకువ. గుహలో ఉండే గలాపస్ దగ్గర చదువు నేర్చుకుంటాడు. అప్పుడప్పుడూ జరగబోయేది కళ్లకు కడుతుంది కానీ, జనం మంత్రమనుకునే దాంట్లో చాలా భాగం ఆ చదువే.

నన్ను ఆపి ఆలోచింపజేసింది మాత్రం అతని తల్లి నినియన్. పెళ్లి కాకుండా బిడ్డను కన్న రాకుమారి. ఎవరెంత ఒత్తిడి చేసినా ఆ బిడ్డ తండ్రి పేరు బయటపెట్టదు. పన్నెండో శతాబ్దంలో జెఫ్రీ ఆఫ్ మన్మత్ రాసిన కథలో ఆ తండ్రి మనిషే కాడు, ఒక పిశాచం. స్టీవర్ట్ అతన్ని ఆంబ్రోసియస్ అనే రాకుమారుణ్ణి చేసింది. ప్రియుణ్ణి కాపాడటానికి ఒక స్త్రీ మౌనంగా ఉంటే, ఆ ఖాళీలో లోకం దయ్యాన్ని కూర్చోబెట్టిందన్నమాట. మన ఉపనిషత్తులో జాబాల తండ్రి పేరు అడిగిన కొడుక్కి తన పేరే ఇచ్చి పంపింది. నినియన్‌కు దక్కింది సన్యాసినుల మఠం.

ఇంత బాగా చూసిన రచయిత్రి కూడా కథను కొడుకు చేతిలోనే పెట్టింది. పైగా ఒక అమ్మాయికి దగ్గరవబోయి వెనక్కి తగ్గిన మెర్లిన్, స్త్రీకి దూరంగా ఉంటేనే తన శక్తి నిలుస్తుందనుకుంటాడు. విశ్వామిత్రుడు, మేనక మనకు కొత్తా?

మా మేళ్లచెరువు వైపు మాంత్రికుడంటే బాలనాగమ్మ కథలోని మాయల ఫకీరే. అతని బాల్యం ఎవరికీ అక్కర్లేదు. చెరలో ఉండి, నోము పేరు చెప్పి అతన్ని ఏళ్ల తరబడి దూరం పెట్టిన బాలనాగమ్మ తెలివే ఆ కథ. పాతివ్రత్యం గొడవ అందులోనూ ఉంది. అయినా మంత్రాన్ని, దాని బారిన పడ్డ మనిషి వైపు నుంచి చూపిస్తుంది.

నవల చివర ఊథర్, ఇగ్రెయిన్ భర్త వేషంలో ఆమె కోటలోకి వెళ్తాడు. జెఫ్రీ కథలో ఆమె మోసపోతుంది. ఇక్కడ తెలిసే ఒప్పుకుంటుంది. మంచి మార్పే. అయితే ఆ ఒప్పుకోలు కూడా మెర్లిన్ నోటనే వింటాం. 'విముక్త' కథల్లో ఓల్గా అహల్యనే మాట్లాడించింది. నినియన్, ఇగ్రెయిన్ కూడా తమ కథ తామే చెప్తే వినాలని ఉంది. స్టీవర్ట్ నవల నాలో ఆ కోరిక పుట్టించింది కాబట్టే చదవమంటున్నాను.