బూడిదరంగు పిల్లలే కొనండి

రెయిన్‌బో చేపలు పెంచుతామని వచ్చేవాళ్లు నాకు ఫోన్‌లో ఎక్కువగా చూపించే ఫొటో ఒకటే. ముందు సగం ఉక్కునీలం, వెనక సగం నారింజ: బోసెమాని. తీరా షాపుకెళ్తే, ఆ పేరు రాసిన తొట్టిలో బూడిదరంగు పిల్లలు తిరుగుతుంటాయి. మోసమనుకుని గప్పీలు కొనుక్కుని ఇంటికెళ్తారు. మోసమేమీ లేదు, ఆ పిల్లలే అవి. రంగు నెలల తరబడి మెల్లగా ఎక్కుతుంది, అదీ మగవాటికే బాగా.

ఏది కొనాలని అడిగితే నేను రంగు మాట ఎత్తను, ట్యాంకు పొడవెంతో అడుగుతాను. ఎత్తు లెక్కలోకి రాదు. పొద్దస్తమానం ఈ చివర నుంచి ఆ చివరకు ఈదే చేపలివి. మూడడుగులుంటే నా ఓటు ప్రీకాక్స్‌కే. పాపువాలోని మాంబెరామో నదీ ప్రాంతం దాని సొంతూరు, 1922 నుంచి శాస్త్రానికి తెలిసిన చేప. పెరిగినా ఆరేడు సెంటీమీటర్లే. పక్కవాటు వెలుతురులో ఒళ్లంతా నీలం మెరుస్తుంది, మగదాని రెక్కలు ఎర్రగా ఉంటాయి. ఆరింటికి తగ్గకుండా తెచ్చుకోండి. ఒకటో రెండో తెస్తే మూలల్లో నక్కుతాయి.

బోసెమాని పది సెంటీమీటర్లు దాటుతుంది, దానికి నాలుగడుగులు కావాలి. పశ్చిమ పాపువాలోని అయమారు సరస్సుల చేప అది. అక్కడ నేలంతా సున్నపురాయి, నీళ్లూ అలాంటివే. అందుకే బిందె అడుగున తెల్లటి పొర కట్టే మన బోరు నీళ్లంటే దానికి పెద్దగా జంకు లేదు. నీళ్లను మెత్తబరుస్తాయంటూ అంటగట్టే సీసాలకు డబ్బు తగలేయకండి. మున్సిపల్ నీళ్లయితే మాత్రం క్లోరిన్ తీసేయాల్సిందే. ఇంకో సంగతి, రెండు రకాల పెద్ద రెయిన్‌బోలను ఒకే ట్యాంకులో వేస్తే సంకరం పుడుతుంది. మార్కెట్లో వెలిసిపోయిన బోసెమానిలు కనిపించడానికి అదీ ఒక కారణమే.

థ్రెడ్‌ఫిన్ రెయిన్‌బో చిన్నదే కదా, కొత్తవాళ్లకు సరిపోతుందని అమ్ముతారు. నాకు నచ్చని సలహా. దాని నోరు సూదిబెజ్జమంత. మామూలు గుళికలు పట్టవు, అప్పుడే పొదిగిన ఆర్టీమియా రొయ్యపిల్లల లాంటి మేత అందించాలి. పైగా దాని దారాల్లాంటి రెక్కలను తోటి చేపలు కొరుకుతాయి.

డబ్బు మిగిలితే మంచి మూత కొనండి. పొద్దున లైటు వేయగానే మగవి ఒకదాన్నొకటి తరుముకుంటూ నీళ్లపైకి ఎగురుతాయి. ఫిల్టరు వైరు కోసం వదిలిన సందు చాలు, నేలమీద పడడానికి.