రోహిణి ఎండలో డీజిల్ పీపా

రోహిణి కార్తెలో మా గురజాల చేలల్లో మధ్యాహ్నం పూట ఇనుము ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. పక్కనే ఉన్న రెంటచింతల పేరు రాష్ట్రమంతా తెలిసింది ఆ ఎండల వల్లే. అంత ఎండలో 200 లీటర్ల డీజిల్ పీపాను పాడవకుండా దాచడం, పొద్దస్తమానం తిరిగే ఆయిల్ ఇంజన్‌ను చల్లగా ఉంచడం మా రైతులు చేతులతో నేర్చుకున్న విద్య. ఆ విద్య అంటే నాకు ఇప్పటికీ గౌరవమే.

1967 ఆగస్టులో సాగర్ కుడికాలువకు నీళ్ళు వదిలారు. నీళ్ళు వచ్చాయి గానీ మెరక చేలకు వాటంతట అవి ఎక్కవు. కరెంటు స్తంభం లేని చోట, కాలువ గట్టు మీద 5 హెచ్‌పీ ఇంజన్ దింపి తోడుకోవాల్సిందే. మిరప తోట వాడుముఖం పట్టిన రోజున ఇంజన్ మొరాయిస్తే ఆ ఇంట్లో అన్నం సయించదు.

ముందు పీపా సంగతి. డీజిల్ వేడికి ఉబ్బుతుంది. తెల్లవారుజాముకీ మిట్టమధ్యాహ్నానికీ 20 డిగ్రీల తేడా వస్తే 200 లీటర్లు మూడు లీటర్లకు పైగా పెరుగుతాయి. రాత్రి మళ్ళీ కుంచించుకుపోయి బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. ఆ గాలితో తేమ వస్తుంది. పీపా నిలబెట్టి ఉండి, మూత మీద వాన నీళ్ళు నిలిస్తే వాటినీ పీల్చుకుంటుంది. అందుకే తెలిసినవాళ్ళు పీపాను వేపచెట్టు కింద నాపరాళ్ళ మీద పడుకోబెడతారు. రెండు మూతలూ అడ్డంగా ఒకే మట్టంలో, డీజిల్‌లో మునిగి ఉండేటట్టు తిప్పుతారు. అప్పుడు మూత సందుల్లోంచి గాలికీ నీటికీ దారి ఉండదు. కొందరు తడి గోతాలు కప్పుతారు. కడవలో నీళ్ళు చల్లబడినట్టే పీపా కూడా చల్లబడుతుంది, నిజమే. కానీ రోజూ తడిపితే పీపా తుప్పు పడుతుంది. నా లెక్కలో నీడను మించింది లేదు.

పీపాను దొర్లించుకొచ్చిన రోజున అందులోంచి చుక్క తియ్యరు. ఒక రాత్రి కదలకుండా ఉంచితే నీరూ మడ్డీ అడుక్కి దిగుతాయి. గొట్టం పెట్టేటప్పుడు అడుగుకు నాలుగు వేళ్ళ ఎత్తున ఆపుతారు. మా మామయ్య అయితే మొదట గాజు సీసాలో పావు లీటరు పట్టి, సూర్యుడికి ఎదురుగా ఎత్తి, ఒక కన్ను మూసి చూసేవాడు. సీసా అడుగున జొన్నగింజంత నీటి బొట్టు అటూ ఇటూ దొర్లితే ఆ పూట ఇంజన్‌లో పోయనిచ్చేవాడు కాదు. బొట్టు లేకపోతేనే పాత పంచె గుడ్డ నాలుగు మడతలు వేసి వడగట్టేవాడు. ఆ పట్టుదలకు కారణం ఉంది. డీజిల్‌ను చిమ్మే పంపులో ప్లంజరుకూ దాని గూటికీ మధ్య సందు తలవెంట్రుకలో పదో వంతు కూడా ఉండదు. నీరు చేరితే అక్కడే గీరుకుపోతుంది.

ఇక ఇంజన్‌ను చల్లబరిచేది అది తోడే నీళ్ళే. డెలివరీ పైపుకు సన్న గొట్టం తగిలిస్తే కొంత నీరు సిలిండర్ చుట్టూ తిరిగి బోదెలోకి పడుతుంది. ఆ నీటికింద చెయ్యి పెట్టి చూడడమే మా కొలత. చెయ్యి కాలకూడదు. మరీ చల్లగా ఉన్నా మంచిది కాదు, సిలిండర్ వేడెక్కక డీజిల్ సరిగా మండదు, తెల్లపొగ వస్తుంది. పైగా మాది సున్నపురాతి నేల. పిడుగురాళ్ళ బట్టీల్లో కాల్చేది ఆ రాయినే. బావి నీళ్ళు వాడితే, కాగు అడుగున పట్టినట్టు ఇంజన్ లోపల తెల్లటి పెచ్చు కడుతుంది, వేడి బయటికి పోనివ్వదు.

రేడియోతో నడిపే మోడల్ పడవల ఇంజన్లనూ ఇలాగే నీళ్ళతో చల్లబరుస్తారు. పడవ పరుగెడుతుంటే అడుగున ఉన్న సన్న గొట్టంలోకి నీరు ఎక్కి, ఇంజన్ తల చుట్టూ తిరిగి పక్కనుంచి చిమ్ముతుంది. వాటిలో కొన్నిటి ఇంధనం మిథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిపింది. ఆ నూనె చాలాకాలం మన ఆముదమే, కృష్ణ అవతల నల్గొండ చేలల్లో పండే ఆముదం లాంటిదే. మామూలు ఇంజన్ నూనె మిథనాల్‌లో కలవదు, ఆముదం కలుస్తుంది. మిథనాల్ గాలిలోని తేమను తాగేస్తుంది గనక డబ్బా మూత బిగించి, ఎండ తగలని చల్లటి చోట పెడతారు. ఎక్కడైనా ఇంధనానికి మొదటి శత్రువు నీరే. ఆ నీరే ఇంజన్‌ను కాపాడేదీ.

నా పదిహేడో ఏట ఒక పొరపాటు చేశాను. కాలువలో నాచు, నీళ్ళు పీల్చే గొట్టం చివరి ఫుట్‌వాల్‌కు పట్టి నీళ్ళు ఆగిపోయాయి. నేను చూసేసరికి ఇంజన్ నుంచి పెయింటు కమురు కంపు వస్తోంది. గాబరాలో బిందెడు చన్నీళ్ళు కుమ్మరించాను. ఠప్‌మని హెడ్డు పగిలింది. మామయ్య వచ్చి పగుల మీద వేలు పెట్టి చూశాడు. నన్ను తిట్టలేదు. "ఆపేసి, చెట్టు కింద కూర్చోవాల్రా. అది దానంతటదే చల్లారాలి," అన్నాడు. ఆ ఏడు మూడు తడులు తప్పాయి.

ఆ తరవాత నుంచి సాయంత్రం ఇంజన్ ఆపడం నా పనే అయింది. యాక్సిలేటర్ తగ్గించి కాసేపు ఊరికే తిరగనిచ్చి ఆపేవాణ్ణి. చెయ్యి ఆనించగలిగేంత చల్లారాక టాంకీ మూత తీసి, అంచుదాకా డీజిల్ నింపేవాణ్ణి. సగం ఖాళీగా వదిలితే రాత్రి చలికి లోపలి గోడలకు చెమట పడుతుందని మామయ్య చెప్పిందే. మూత బిగించి, దాని మీద కొబ్బరిచిప్ప బోర్లించి ఇంటికి నడిచేవాణ్ణి.