ఆదివారం ఇంట్లో ఏం చేస్తామంటే

ఆదివారాలు ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు, భార్య మొహం ఎంతసేపు చూస్తారు? ఎల్ అండ్ టీ ఛైర్మన్ ఎస్.ఎన్.సుబ్రహ్మణ్యన్ అన్న ఈ మాటలు 2025 జనవరిలో బయటికొచ్చాయి. వారానికి 90 గంటలు పనిచేయాలని కూడా ఆయన చెప్పారు. దేశమంతా కోప్పడింది. మా ఊరు కంబదూరులో మాత్రం దానికి సూటి జవాబుంది: బుడ్డలు, అదే శెనక్కాయలు, ఒలుస్తాం.

జూన్ వస్తే మా పడసాలలో శెనక్కాయల కుప్ప పడుతుంది. విత్తనం కాయ మిషన్లో వేస్తే గింజ చీలుతుంది, పైపొర లేస్తుంది. పొర పోయిన గింజను నమ్మి నేలలో వేయలేం. అందుకే చేత్తోనే. బొటనవేలితో మూతి దగ్గర నొక్కితే కాయ టప్పుమని విచ్చుకుంటుంది. గింజలు చాటలోకి, పొట్టు పక్కకి. వంద కిలోల కాయ ఒలిస్తే డెబ్బై కిలోల దాకా గింజ. ముడుచుకుపోయినవి అవ్వ వేరు చేసి ఊరిబిండి పచ్చడికి దాచిపెడుతుంది.

శనివారం రాత్రి బెంగళూరు నుంచి వచ్చినప్పుడు తలలో ఆఫీసే తిరుగుతుంటుంది. మంచం మీద పడుకుంటే అది ఇంకా పెద్దదవుతుంది, ఫోన్ పట్టుకుంటే మరీను. కుప్ప దగ్గర కూర్చుంటే అలా ఉండదు. అక్కడ ఎవరూ ఎవరి మొహమూ చూడరు. అందరి కళ్లూ గింజల మీదే. అవ్వ తలెత్తకుండానే అడుగుతుంది: "ఏం నాయనా, ఆపీసులో ఏమన్నా అన్న్యారా?" ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే ఏమీ లేదనేవాణ్ని. చేతులు పనిలో ఉంటే మాట దానంతట అదే వస్తుంది. నా భార్య కూడా బెంగళూరు ఇంట్లో వారమంతా చెప్పనిది ఇక్కడే చెప్తుంది. ఎవరూ సలహా ఇవ్వరు. "ఊఁ" అంటారు, ఇంకో కాయ తీసుకుంటారు. నాకు కావలసింది ఆ ఊఁ ఒక్కటే.

ఇదే ఒలుపును కూలికి చేసే ఆడవాళ్లున్నారు. వాళ్లకిది విశ్రాంతి కాదు, వేళ్లు వాచే పని. మా నాయనకూ ఇది కాలక్షేపం కాదు. వాన తక్కువ పడే మా జిల్లాలో ఆ చాటలో ఉన్నది అప్పు చేసి తెచ్చిన విత్తనం. ఆ సంగతి తెలిసే మేమంతా గింజ పగలకుండా జాగ్రత్తగా నొక్కుతాం. పిల్లలు నోట్లో వేసుకునేవి వేరే లెక్క.

మీ ఊళ్లో ఒలుపు ఇంకా అయిపోకుంటే ఈ శనివారమే బస్సెక్కండి. పదును వాన పడిందంటే సోమవారానికి గొర్రు కట్టేస్తారు.